రైతు ఇంటికి కోడలు ఎందుకు రానంటోంది?

(రైతు సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, ఎరువుల గురించి, కరెంటు గురించి మన సభల్లో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈరోజు పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుందాం. రైతు సంఘానికి పెళ్లిళ్ల ముచ్చట ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. మన ఊళ్లలో ముప్పై దాటి, ముప్పై అయిదు దాటి, ఒళ్లు వంచి సేద్యం చేస్తూ పెళ్లికాకుండా ఉన్న కుర్రాళ్లను ఒకసారి లెక్కపెట్టుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది. ఒకప్పుడు సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు ఎన్ని ఎకరాలు, నీళ్ల వసతి ఉందా అని అడిగేవాళ్లు. ఇప్పుడు మొదటి ప్రశ్న, అబ్బాయి ఏం చేస్తాడని. వ్యవసాయం అన్న మాట వినగానే మళ్లీ ఫోన్ చేస్తామని లేస్తారు. ఆ ఫోన్ రాదు.

అందుకే కొందరు పిల్లలు ఒక దారి వెతుక్కున్నారు. నాలుగెకరాలు కౌలుకిచ్చేసి హైదరాబాదులోనో బెంగళూరులోనో పదిహేను వేల జీతానికి చేరుతున్నారు. సెక్యూరిటీ గార్డు అయినా, డెలివరీ బాయ్ అయినా, మ్యారేజ్ బ్యూరో కాగితం మీద ప్రైవేటు జాబ్ అని రాసుకోవచ్చు. గది అద్దె, తిండి ఖర్చు పోగా చేతిలో మిగిలేది లేదు. అయినా సంబంధం కుదురుతుంది. నాలుగెకరాల ఆసామికి కుదరని పెళ్లి పదిహేను వేల జీతగాడికి ఎందుకు కుదురుతోంది? మన చర్చ అంతా ఈ ప్రశ్న మీదే నడవాలి.

ఈ బాధ మన తెలుగు ఊళ్లకే పరిమితం కాదు. 2022 డిసెంబరులో మహారాష్ట్రలోని సోలాపూర్‌లో పెళ్లికాని యువకులు పెళ్లికొడుకుల వేషం వేసుకుని, గుర్రాలెక్కి, బాజాలతో కలెక్టరాఫీసుకు ఊరేగింపుగా వెళ్లారు. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టాన్ని గట్టిగా అమలు చేయమని వినతిపత్రం ఇచ్చారు. ఆ తరువాత 2023 ఫిబ్రవరిలో, కర్ణాటకలోని మండ్య జిల్లా నుంచి పెళ్లికాని యువకులు కొందరు మలె మహదేశ్వర కొండకు పాదయాత్ర చేశారు. వాళ్లలో ఎక్కువమంది సేద్యగాళ్లే. మండ్య అంటే కావేరి నీళ్లు పారే చెరకు, వరి ప్రాంతం. నీళ్లున్న చోట కూడా ఇదే పరిస్థితి.

చూసి నవ్వినవాళ్లు నవ్వారు. రాజకీయ నాయకులు మాత్రం అందులో ఓట్లను చూశారు. ఆ ఏడాదే కర్ణాటక ఎన్నికల ప్రచారంలో ఒక మాజీ ముఖ్యమంత్రి, రైతు కొడుకును చేసుకునే అమ్మాయికి రెండు లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించారు. పంటకు ధర ఇవ్వలేనివాళ్లు పెళ్లికూతురికి ధర కడతామన్నారు. రెండు లక్షలు ఎన్నాళ్లు వస్తాయి? ఒక బోరు వేసి నీళ్లు పడకపోతే చాలు, ఆ డబ్బులో చాలా భాగం అక్కడే పోతుంది. ఆ తరువాత ఆ అమ్మాయి బతుకు మళ్లీ ఆ పొలం మీద, ఆ ఇంటి మీద ఆధారపడవలసిందే.

రచ్చబండ దగ్గర వినిపించే మాట ఇంకొకటి ఉంది. ఆడపిల్లలు చదువుకుని చెడిపోయారట, సెల్‌ఫోన్లు చూసి సుఖాలకు మరిగారట. ఈ మాట అనే ముందు ఆ అమ్మాయి నాన్న వేసే లెక్కను మనమూ ఒకసారి వేసి చూద్దాం. ఆ నాన్న కూడా చాలాసార్లు మనలాంటి రైతే కదా.

కేంద్ర ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే 2018-19 సంవత్సరానికి రైతు కుటుంబాల ఆదాయం లెక్క తీసింది. దేశంలో సగటు రైతు కుటుంబానికి నెలకు అన్నీ కలిపి వచ్చింది 10,218 రూపాయలు. అందులో కూలి, జీతాల మీద వచ్చింది 4,063. పంట మీద ఖర్చులు పోను మిగిలింది 3,798. విత్తి, కాపు కాసి, కోసి అమ్ముకున్న దానికంటే ఇంట్లోవాళ్లు బయటికి పనికి వెళ్లి తెచ్చిందే ఎక్కువ. ఇక అప్పు సంగతి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో నూటికి 93, తెలంగాణలో నూటికి 92 అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క నూటికి 50. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు, తెలంగాణలో 1,52,113 రూపాయలు. దేశ సగటు 74,121. రైతు కుటుంబాల సగటు అప్పులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే.

పదిహేను వేల జీతంలో ఉన్న రహస్యం ఇక్కడ బయటపడుతుంది. అది పెద్ద మొత్తం కాదు. అయితే ఒకటో తారీఖుకో పదో తారీఖుకో వస్తుంది. వాన ఎక్కువైతే తగ్గదు, తక్కువైతే ఆగిపోదు. మిల్లు దగ్గర తరుగు తీయరు. తామర పురుగు పట్టి ఎండిపోదు. పిల్లనిచ్చే తండ్రి ఆ భరోసాను చూస్తున్నాడు. ఆ భరోసా సేద్యంలో లేకుండా పోయింది కాబట్టి సేద్యం చేసేవాడికి పిల్ల దొరకడం లేదు.

ఎందుకు లేకుండా పోయిందో మన సంఘం ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఖర్చు దేశ సగటున 1,579 అని లెక్కగట్టి, దాని మీద సగం కలిపామని కేంద్రం చెప్పుకుంది. ఆ ఖర్చులో చేతి నుంచి పెట్టిన పెట్టుబడి, ఇంటివాళ్ల కష్టానికి కట్టిన కూలి మాత్రమే ఉన్నాయి. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ అందులో లేవు. అవి కూడా కలిపిన సమగ్ర ఖర్చు మీద సగం లాభం ఇవ్వాలన్నదే మన డిమాండు. ఉత్పత్తి ఖర్చు మీద కనీసం సగం అదనంగా ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. ఆ సిఫారసు వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకు వస్తున్నారు. మన పిల్లల పెళ్లిళ్లు ఆగిపోవడానికీ ఆ సిఫారసు అటకెక్కడానికీ సంబంధం ఉంది.

ఇది తండ్రి వేసుకునే లెక్క. అమ్మాయి వేసుకునే లెక్క వేరుగా ఉంటుంది. మన సభల్లో దాన్ని ఎప్పుడూ విప్పి చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుందాం.

రైతు ఇంటికి కోడలిగా వెళ్తే ఏం పని ఉంటుందో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్లమ్మను చూసి పెరిగింది. తెల్లవారుజామున లేచి పేడ తీయాలి, పాలు పితకాలి, వంట చేసి పొలానికి క్యారియర్ కట్టాలి. ఆపైన నాట్లు, కలుపు, పత్తి తీత, మిర్చి ఏరడం. చీకటిపడ్డాక వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి. 2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్లలో నూటికి 77 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. మగవాళ్లలో నూటికి 49 మందే. అంటే మగవాళ్లు సేద్యం వదిలి వేరే పనుల్లోకి వెళ్తుంటే, ఆడవాళ్లు ఇంకా అందులోనే ఉండిపోయారు.

మరి భూమి ఎవరి పేరున ఉంది? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు నూటికి 14 మాత్రమే. మద్దతు ధర లెక్కగట్టేవాళ్లు ఇంటి ఆడవాళ్ల కష్టానికి కాగితం మీదైనా కూలి కడతారు. మన ఇళ్లలో ఆ మాత్రం కూడా కట్టరు. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు ఉండదు. ధాన్యం డబ్బులు పడే ఖాతా ఆమెది కాదు. ఏ పంట వేయాలో, ఎంత అప్పు తేవాలో చెప్పే హక్కు ఆమెకు ఉండదు. అప్పు తీర్చడంలో మాత్రం సగం బరువు ఆమెదే.

ఆ బరువు ఎక్కడి దాకా వెళ్తుందో కూడా అమ్మాయిలు చూస్తున్నారు. 2023లో దేశంలో 10,786 మంది రైతులు, వ్యవసాయ కూలీలు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. రోజుకు దాదాపు ముప్పై మంది. భర్త పోయాక అప్పులవాళ్లు ఆమె గుమ్మంలో కూర్చుంటారు. అప్పుడు గానీ తెలియదు, ఏ షాపులో ఎంత ఖాతా ఉందో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో. అతను కౌలు రైతు అయితే పరిస్థితి ఇంకా అన్యాయం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా రెండూ పాసుపుస్తకం ఉన్నవాడికే వర్తించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం, భూయజమాని సంతకం పెడితేనే కౌలుదారుకు కార్డు అన్నది. ఎంతమంది యజమానులు పెట్టారో మనందరికీ తెలుసు. కార్డు లేని కౌలు రైతు చనిపోతే, అతను రైతేనని రుజువు చేయడానికి అతని భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఇదంతా చూసి వద్దంటే, ఆమెకు పొగరు అనడం న్యాయమేనా?

ఇక మన ఇళ్లలోకి వద్దాం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రైతుకు ఇప్పుడు ఆ సామెత మరో రకంగా వర్తిస్తోంది. కూతురికి ఉద్యోగస్తుణ్ణి తేవడానికి రెండెకరాలు అమ్ముతున్నాం. ఆ రెండెకరాలు పోవడంతో కొడుకు సన్నకారు రైతవుతున్నాడు. సన్నకారు రైతు కాబట్టి అతనికి పిల్లనిచ్చేవాడు లేడు. ఒకే ఇంట్లో, ఒకే కట్నం, కూతురి పెళ్లికి భూమిని తిని కొడుకు పెళ్లికి అడ్డం పడుతోంది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. తీసుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికి కూడా శిక్ష ఉంది. అయినా దేశంలో ఏటా ఆరు వేలమందికి పైగా ఆడపిల్లలు కట్నం చావులకు బలవుతున్నారు.

కట్నం ఇచ్చాం కాబట్టి ఆస్తిలో ఆడపిల్లకు వాటా లేదనే మాట కూడా ఊళ్లలో బలంగా ఉంది. చట్టం ఆ మాట చెప్పదు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో కేంద్రం దాన్ని దేశమంతటికీ, పెళ్లయిన కూతుళ్లకు కూడా వర్తింపజేసింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చి చెప్పింది. కట్నం పేరుతో పరాయి చేతికి వెళ్లే డబ్బు, ఆమె పేరున ఒక ఎకరంగా ఉంటే ఆ భూమి ఆమె చేతిలో ఉంటుంది. భూమి ఉన్న ఆడపిల్లకు సేద్యం చేసే భర్త బరువుగా కనిపించడు.

సోలాపూర్ కుర్రాళ్లు పెట్టిన వేలు కూడా సరైన చోటే పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 975 మంది ఉండేవాళ్లు. 2001కి 961 అయ్యారు. 2011కి 940 దగ్గరకు పడిపోయారు. 1994 నుంచి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉన్నా ఇదీ పరిస్థితి. ఇప్పుడు పెళ్లి చేసుకోవలసిన వయసు వాళ్లు ఆ రోజుల్లో పుట్టినవాళ్లే. ఇక 2011 లెక్కలోని మగపిల్లలు పెళ్లీడుకు వచ్చేసరికి కొరత ఇంకా పెరుగుతుంది. ఆడపిల్ల వద్దనుకున్న ఊరికి కోడలు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ కొరతలో రెండు ప్రమాదాలు పొంచి ఉన్నాయి. ఒకటి దళారులు. వేరే జిల్లా నుంచో వేరే రాష్ట్రం నుంచో పేదింటి పిల్లను తెస్తామని లక్షలు గుంజుతున్నారు. ఒక పక్క ఆ పిల్లను సరుకులా అమ్ముతారు, మరో పక్క మన కుర్రాణ్ణి అప్పులపాలు చేస్తారు. ఒకనాడు ముసలివాళ్లకు పసిపిల్లలను అమ్మిన కన్యాశుల్కం మీద గురజాడ అప్పారావు గారు నాటకం రాశారు. ఆ దురాచారం కొత్త వేషంలో మళ్లీ మన గడప తొక్కకూడదు.

రెండోది బాల్యవివాహం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో నూటికి 23 మంది పైగా తేలారు. పెద్ద పిల్లలు చదువుకుని వద్దంటున్నారు కాబట్టి, చదువు పూర్తికాని చిన్నపిల్లలకు ముడిపెట్టేద్దామనే ఆలోచన కొన్ని ఇళ్లలో మొదలైంది. ఇంటర్ చదివే పిల్లను మాన్పించి ముప్పై అయిదేళ్లవాడికి కట్టబెడితే అది పెళ్లి కాదు, నేరం. ఎక్కడ తెలిసినా 1098కి ఫోన్ చేయడం మన సంఘ సభ్యుడి బాధ్యత.

ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లకు రెండు మాటలు. పెళ్లి కాకపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. శుభకార్యాలకు వెళ్తే ఇంకా కాలేదా అని నలుగురిలో అడిగేవాళ్లుంటారు, ఆ మాట పడలేక పెళ్లిళ్లకు వెళ్లడమే మానేసినవాళ్లు మీలో ఉన్నారు. ఆ బాధను బెల్టు షాపు దగ్గర మరిచిపోవాలని చూస్తే ఆ కాస్త సంబంధం కూడా తప్పిపోతుంది. తాగుబోతు మొగుడి కంటే ఒంటరి బతుకు నయమనుకునే అమ్మాయిని ఎవరు తప్పుపట్టగలరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కదిలితే, ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఇంట్లో తాగుడు ఆడవాళ్లకు ఎంత పెద్ద సమస్యో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మనసు బాగా కుంగినప్పుడు సంఘం ఆఫీసుకు రండి, తోటివాళ్లతో మాట్లాడండి. పెళ్లయినా కాకపోయినా మీరు ఈ ఊరికి అన్నం పెట్టే మనుషులు.

మరి ఏం చేద్దాం? ప్రభుత్వం చేయవలసింది ఉంది, మనం చేయవలసింది ఉంది. సమగ్ర ఖర్చు మీద సగం కలిపిన మద్దతు ధరకు చట్టబద్ధత, యజమాని సంతకంతో పని లేకుండా కౌలు రైతులకు గుర్తింపు, పంట నష్టానికి సకాలంలో పరిహారం, వీటి కోసం పోరాటం ఆగదు. సేద్యంలో భరోసా వచ్చేదాకా ఏ పెళ్లిళ్ల పేరయ్యా మనను గట్టెక్కించలేడు.

ఎవరి అనుమతీ అక్కర్లేకుండా రేపటి నుంచే మొదలుపెట్టగలిగినవి కూడా ఉన్నాయి. సంఘ సభ్యత్వం ఇంటి యజమాని ఒక్కడి పేరున కాకుండా భార్య పేరున కూడా రాద్దాం. గ్రామ కమిటీల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు ఇద్దాం, ఉత్తినే పేరుకు కాకుండా లెక్కల పుస్తకం వాళ్ల చేతిలో పెడదాం. భూమి కొన్నా పంచుకున్నా పాసుపుస్తకంలో ఇంటి ఆడవాళ్ల పేరు ఉండేలా చూద్దాం. ఎంత అప్పు తెచ్చామో ఇంట్లో దాచకుండా చెబుదాం. కట్నం కోసం భూమి అమ్మే సభ్యుడి దగ్గరకు కమిటీ వెళ్లి కూర్చుని మాట్లాడాలి. కట్నం లేకుండా పెళ్లి చేసుకునే సభ్యుల పెళ్లికి ఊరంతా కదిలి వెళ్లాలి. ఇంట్లో పాలు పితికే పని, పొయ్యి దగ్గరి పని మగపిల్లలకు కూడా చిన్నప్పటి నుంచి నేర్పాలి. ఇందులో ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

వద్దంటున్న ఆ అమ్మాయిలు మనకు శత్రువులు కారు. ఈ సేద్యంతో బతకలేమని మనం ప్రభుత్వానికి ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాటనే వాళ్లు మనకు చెబుతున్నారు. వాళ్లు అడుగుతున్నది నెలనెలా గడిచే బతుకు, తన పేరున కాస్త భూమి, ఇంట్లో మాట చెల్లడం, దెబ్బలు లేని కాపురం. ఈ నాలుగూ మన డిమాండ్ల పత్రంలో ఎందుకు ఉండకూడదు? రాబోయే మహాసభకు తయారు చేసే తీర్మానాల్లో వీటిని చేర్చాలని, ముసాయిదా రాసే కమిటీలో మన ఆడబిడ్డలను కూర్చోబెట్టాలని ఈ సదస్సును కోరుతున్నాం. దీని మీద చర్చ మొదట ఇక్కడున్న అక్కచెల్లెళ్లు ప్రారంభించాలని మనవి.